నిజాలమడుగులో నీలిచుక్క

బూడిదకోట గుమ్మం ముందు ఆ ఉదయం ఒక వైద్యుడూ ఒక రోగీ నిలబడి ఉన్నారు. వైద్యుడికి మీసం అతికించి ఉంది. రోగికి రోగం అతికించి ఉంది. రెండూ ఊడిపోకుండా కోట దాటి కొండెక్కడమే ఇప్పుడు జరగవలసిన పని.

వైద్యుడు మరెవరో కాదు, మంజిష్ఠపురం కలాలవీధిలో ఊటకలాలు చేసే మల్లోజు కూతురు తరళ. మాటిమాటికీ సిరాబుడ్డిలో ముంచనక్కరలేకుండా, పొట్టనిండా సిరా పోసుకుని పాళీ కొనకు ఊటలా వదిలే కలాలు ఆ వీధిలో తప్ప లోకంలో మరెక్కడా చేయరు. రోగి పేరు గండన్న. రాకుమారుడు మృగాంకుడికి అంగరక్షకుడు. ఆకారం చూస్తే ఏనుగు పక్కకు తప్పుకుంటుంది, నోరు విప్పితే చిలకలు సిగ్గుపడతాయి. అటువంటివాడికి మాట పడిపోయిన రోగి వేషం వేయించడం తరళ చేసిన సాహసాలన్నిటిలోకీ పెద్దది.

గండన్న ఛాతీ చుట్టూ బారెడు కట్టు ఉంది. కట్టు కింద మైనపుగుడ్డ, మైనపుగుడ్డలో ఒక కాగితం, కాగితంలో రాకుమారుడు. బొమ్మే కదా అని తేలిగ్గా తీసిపారేయకండి. అందులో ఉన్నది ప్రాణం.

పెళ్ళినాడు ధూసరుడనే మాంత్రికుడు చిత్రకారుడి వేషంలో పందిట్లోకి వచ్చాడు. రంగు అన్నది కంటపడితే వాడికి ఒళ్ళుమంట. రంగులకు పుట్టినిల్లయిన మంజిష్ఠపురాన్ని బూడిద చేయాలన్నది వాడి చిరకాలపు కోరిక. వధూవరుల బొమ్మ గీస్తాననీ, ముందు వరుణ్ణి పీట మీద కూర్చోబెట్టమనీ అన్నాడు. పొల్లు పోకుండా, ఉన్నదున్నట్టు గీశాడు. చివరి గీత పడగానే పీట మీద మృగాంకుడు లేడు, కాగితంలో ఉన్నాడు. అతని నడికట్టులోంచి జారిన పాత కలం ఒక్కటే పీట మీద మిగిలింది. తరువాత వధువు వంతు. కాని వధువు మల్లోజు కూతురు. పెళ్ళిచీరతోనే ఎగిరి కాగితాన్నీ కలాన్నీ లాక్కుని, గండన్న గుర్రం మీదికి దూకి అడవి పట్టింది.

ధూసరుడి సిరాకు ఎండ పడదు. వెలుగు తగిలినకొద్దీ గీతలు వెలిసిపోతాయి, గీతలు పోతే మనిషీ పోతాడు. ఆ సంగతి చెప్పింది అడవిలో ఆశ్రయమిచ్చిన జడలవ్వ. విరుగుడూ ఆవిడే చెప్పింది. గీత మీద గీత రోజూ దిద్దుతూ ఉండాలి. వేటి రంగులు వాటికి నింపాలి. బూడిదకోట కొండకొమ్మున నిజాలమడుగు ఉంది, నడినెత్తి సూర్యుడు ఆ నీళ్ళలో పడే వేళకు బొమ్మను నీటి మీద వదలాలి. బొమ్మ నిజమైతే మనిషి లేచి వస్తాడు. అబద్ధమైతే సిరా నీళ్ళలో కలిసిపోతుంది, ఇక చేయగలిగిందేమీ ఉండదు.

ఆనాటి నుంచీ ప్రతి తెల్లవారీ తరళకు ఒకటే పని. చెట్టునీడన కాగితం పరిచి, తల వంచి, ఊపిరి బిగబట్టి అతణ్ణి దిద్దుకునేది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే వచ్చే సిరా రాసేటప్పుడు పొగమంచులా లేతగా ఉండి, గాలి తగిలి ఆరేకొద్దీ నల్లబడుతుంది. అది జుట్టుకూ కనుబొమలకూ. తలపాగాకు లక్క ఎరుపు. ఉత్తరీయానికి పసుపు. ఒంటికి మోదుగపూల రసం, నీళ్ళు కలిపి కలిపి పలచన చేసింది. దిద్దుతూ అతనితో మాట్లాడేది. రాత్రి వాన పడిందనీ, గుర్రానికి నాడా ఊడిందనీ, ఈ పూట కనుబొమ బాగా కుదిరిందనీ చెప్పేది. ఏడుపు వస్తే కాగితానికి దూరంగా జరిగి ఏడ్చేది. కన్నీళ్ళు పడితే సిరా చెదిరిపోతుంది కదా.

గండన్న దిగులు వేరు. ప్రభువు ఎన్నాళ్ళని పస్తుంటారమ్మణ్ణీ అని పూటపూటా అడిగేవాడు. వండింది ఒక ముద్ద ఆకులో పెట్టి బొమ్మ ముందుంచేవాడు, కాసేపు చూసి, ప్రసాదమని కళ్ళకద్దుకుని తానే తినేవాడు.

ఒక్క విషయం మాత్రం తరళ గండన్నకు చెప్పలేదు. మృగాంకుడి గడ్డం కింద ఒక నీలిచుక్క ఉండేది. దాన్ని ధూసరుడు కూడా గీశాడు. దాన్ని ఆమె ఏ రోజూ దిద్దలేదు. వెలిసి వెలిసి పోయింది.

ఆ చుక్క పుట్టుమచ్చ కాదు, తరళ చేసిన పాపం. గుర్రాలు కొనడానికి వచ్చిన పొరుగూరివాడినని చెప్పి రాకుమారుడు మారువేషంలో వాళ్ళ దుకాణానికి వచ్చిన రోజున, ఆమె కొత్త కలం చేతికిచ్చింది. అది రాయలేదు. ఇలా ఇవ్వమని తీసుకుని గట్టిగా విదిలించింది. పాళీ వెళ్ళి అతని గడ్డం కింద గీరుకుంది. నెత్తురూ నీలిసిరా కలిసి లోపలికి దిగి పచ్చబొట్టులా నిలిచిపోయాయి. కలాలవీధిలో మరక అంటే మానం పోయినంత పని. మరక వేసిన కలాన్ని దుకాణం ముందే సుత్తితో చితక్కొట్టడం అక్కడి కట్టుబాటు. మల్లోజు సుత్తి ఎత్తనే ఎత్తాడు. గడ్డం పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రవాడు, నా నెత్తురు రుచి చూసిన కలం నాది, నాకే ఇవ్వండని అడ్డం పడి కొనుక్కుపోయాడు. మర్నాడు సిరా కోసం వచ్చాడు. ఆ మర్నాడు మూత బిగుసుకుందని వచ్చాడు. ఆ తరువాత ఏ సాకూ లేకుండానే వచ్చాడు.

అయినా మరక మరకే. అతని ముఖం చూసినప్పుడల్లా ఆ చుక్క ఆమెను గుచ్చేది. ఇప్పుడు దిద్దే చెయ్యి తనది. కాగితంలోంచి లేచి వచ్చేటప్పుడు ముఖం కడిగిన ముత్యంలా ఉండాలని, అదే తన పెళ్ళికానుక అనీ అనుకుంది. చుక్కతో ఆగిందా? వంకర పన్ను జోలికి పోలేదు గాని, కనుబొమలు మాత్రం రోజుకొక వెంట్రుకవాసి తీరుగా దిద్దింది. తా వలచింది రంభ అన్నారు పెద్దలు. వలచినవాళ్ళ చేతికి కలమిస్తే ఇక చెప్పేదేముంది?

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

ధూసరుడి ఆన ప్రకారం ఆ కోటలోకి రంగు అన్నది రాకూడదు. కాపలావాళ్ళ నాయకుడు మూట విప్పించాడు. పసుపు చూసి ఇదేమిటన్నాడు. గాయాలకని వైద్యుడు చెప్పాడు. లక్క, నడుంనొప్పికి. మోదుగపూలు, పొట్టలో పురుగులకు. ఏ మాటా అబద్ధం కాదు, అన్నీ మందులే. నాయకుడు ఆలోచించి పసుపూ లక్కా పూలూ నిప్పుల్లో వేయించాడు. కలాలు కనబడితే వాటినీ వేయించాడు. పాత కలాన్ని మాత్రం అరచేతి మీద గీకి చూశాడు. గీత పడలేదు. లోపలి సిరా ఎప్పుడో ఎండి పెచ్చు కట్టింది. ఎండుకొమ్ము అని తరళ ముఖాన విసిరాడు. ఆమె దాన్ని గాల్లోనే అందుకుని నడుమున దోపుకుంది.

నీలిమందు సీసా దగ్గర మాత్రం బొంకడానికి మాట దొరకలేదు. వాడు మూత తీసి చూసి, కళ్ళు చిట్లించి, సీసా మొత్తం గుమ్మం పక్క కాలవలోకి వంపేశాడు. బొమ్మలో నీలం ఎక్కడా లేదు కదా, పోతే పోయిందని తరళ మనసుకు నచ్చచెప్పుకుంది.

చివరికి మిగిలింది కుండెడు కరక్కాయ కషాయం.

"ఇది కూడా మందేనా, వైద్యుడుగారూ?" అన్నాడు నాయకుడు.

"మందే. మాట పడిపోయినవాళ్ళకు."

"అయితే ఇక్కడే తాగించు. ఎట్లా పనిచేస్తుందో మేమూ చూస్తాం."

కరక్కాయ గుణం ఎరగనివాళ్ళు ఎవరూ ఉండరు. చిటికెడు పొడికే కడుపు శుభ్రమవుతుంది. గండన్న తరళ వంక చూసిన చూపులో ఏడు జన్మల శాపనార్థాలున్నాయి. అయినా ప్రభుభక్తి అంటే గండన్నది. కుండ ఎత్తి, అడుగు కనబడేదాకా గటగటా తాగి, మూతి తుడుచుకుని, ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డాడు. కాపలావాళ్ళు పకపకా నవ్వారు. మందు పని చేయలేదు, వైద్యుడికేమీ రాదు, ఇటువంటివాడి వల్ల భయమేముందని తలుపు తీశారు.

లోపల కోటంతా ఒకటే రంగు. మేడలు బూడిద, మేడల మీద జెండాలు బూడిద, కొట్లో రాసిపోసిన మిరపకాయలు బూడిద. కొబ్బరాకులు ఎండిన తాటాకుల్లా వేలాడుతున్నాయి. నెమలి ఒకటి గోడ మీద పురి విప్పింది, చీపురుకట్ట విప్పినట్టుంది. పూలమ్మి తట్టలో ఏవి మల్లెలో ఏవి చామంతులో వాసన చూసి చెప్పాల్సిందే. పెళ్ళికూతురు నుదుటి బొట్టు కూడా బొగ్గుచుక్కే. జనం గట్టిగా మాట్లాడుకోవడం కూడా మానేశారు, తలలు వంచుకుని నీడల్లా తిరుగుతున్నారు.

ఆ వీధి వెంట, కాలవలో, గుమ్మం దగ్గర పారబోసిన నీలం సన్నగా పారుకుంటూ వచ్చింది. ఒక ముసలావిడ నీళ్ళు తోడబోయి ఆగిపోయింది. వేలు ముంచి, ఎత్తి, ఎండలో పెట్టి చూసుకుంది. పక్కింటావిణ్ణి పిలిచింది. చూస్తుండగానే కాలవ గట్టున పదిమంది చేరారు. ఆ నీలాన్ని చూస్తూ కూర్చున్నారు. ఒకడు తన వేళ్ళన్నిటికీ పూసుకున్నాడు. తరళ గుండె పొంగింది, ఆ వెంటనే గుభేలుమంది. ఇంత జనం చూసిన రంగు ధూసరుడి కంట పడకుండా ఉంటుందా? గండన్న చెయ్యి పట్టుకుని కొండమెట్ల వైపు పరుగు తీసింది.

మెట్ల సగంలో గండన్న ఆగిపోయాడు. ముఖం పాలిపోయింది. కట్టు విప్పి మైనపుగుడ్డ ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మణ్ణీ, నాకు మాటొచ్చింది. కడుపే నా మాట వినడంలేదు. మీరు నడవండి, నేనా బండల వెనక్కెళ్ళొస్తా."

అట్లా తరళ ఒంటరిగా కొండకొమ్ముకు చేరింది.

నిజాలమడుగు అక్కడుంది. ధూసరుడి మంత్రం ఆ నీటి దాకా ఎక్కలేకపోయింది కాబోలు, కోట మొత్తం మీద రంగున్న చోటు అదొక్కటే. చుట్టూ ఎర్రని రాతి గట్టు, గట్టు మీద పచ్చని నాచు, నీళ్ళలో ఆకాశం. అలికిడి లేదు. గాలికి కూడా అల లేవడంలేదు. తరళ వంగి చూసుకుంటే నీళ్ళలో వైద్యుడు కనబడలేదు, మీసం లేని తరళే కనబడింది. ఆమె నవ్వుకుని ఆ మీసం పీకి పారేసింది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మడుగు నడుమ బంగారు పళ్ళెంలా వెలుగు పడింది. తరళ మైనపుగుడ్డ విప్పి, మోకాళ్ళ మీద వంగి, పసిబిడ్డను ఉయ్యాల్లో వేసినంత నెమ్మదిగా కాగితాన్ని నీటి మీద వదిలింది. వేళ్ళు వదలడానికి ఒప్పుకోలేదు. ఒక్కొక్క వేలే తీసుకుంది.

కాగితం తేలింది. మృగాంకుడు ఆకాశాన్ని చూస్తూ పడుకున్నాడు. ఎంత అందంగా ఉన్నాడని. కనుబొమలు విల్లుల్లా ఉన్నాయి. ముఖాన మచ్చ అన్నది లేదు. తరళ కళ్ళార్పకుండా చూసింది. రెప్ప కదలలేదు. పెదవి కదలలేదు. తలపాగా అంచునుంచి మాత్రం ఎర్రని నూలుపోగు లాంటి గీత ఒకటి విడివడి నీళ్ళలోకి పాకింది.

సిరా కరుగుతోంది.

ఎక్కడ తప్పింది? చెవులు సరిగానే ఉన్నాయి. వంకర పన్ను ఉంది. చేతి ఉంగరం ఉంది. రోజూ దిద్దినదే, కళ్ళు మూసుకున్నా దిద్దగలిగినదే. పసుపు కూడా కదిలింది, ఉత్తరీయం అంచు మసకబారింది. ఆ నీళ్ళలో పడుకున్న మన్మథుణ్ణి మరొకసారి చూసింది. అప్పుడు కొరడాతో కొట్టినట్టు తెలిసింది. ఇంత అందగాణ్ణి తను ఎన్నడూ చూడలేదు. తనకోసం సుత్తికి అడ్డం పడినవాడు ఇతను కాదు. సాకు లేకుండా దుకాణానికి వచ్చి గుమ్మంలో తడబడినవాడు ఇతను కాదు. ఆ వచ్చినవాడి గడ్డం కింద చుక్క ఉంది.

మరక అని సిగ్గుపడి, అతణ్ణే తుడిచేసింది.

కనుబొమలు పోతే పోయాయి, అవి పెరిగేవీ తరిగేవీ. చుక్క కావాలి. నీలం కావాలి. నీలం కింద కాలవలో పారిపోయింది. తరళ చేతులు రెండూ తలమీద పెట్టుకోబోయి, నడుం దగ్గర గట్టిగా ఏదో తగిలితే ఆగింది. ఎండుకొమ్ము.

కలం పొట్ట మర తిప్పి విప్పింది. లోపల నల్లగా పెచ్చు కట్టి ఉంది, అతని గడ్డం కింద దిగిన ఆనాటి నీలమే అది. మడుగులో ముంచి పొట్టనిండా నీళ్ళు పట్టి, బిగించి, ఊపింది. అప్పుడు అవతలి గట్టు నుంచి గొంతు వినిపించింది.

"కోటలో నీలం ఎక్కడిదా అనుకున్నాను. కదలకుండా కూర్చో, అమ్మాయీ. పెళ్ళిబొమ్మ సగంలో ఆగిపోయింది. వధువును కూడా పూర్తి చేస్తాను."

ధూసరుడు బండ మీద పలక ఆన్చుకుని కూర్చుని ఉన్నాడు. బూడిదగడ్డం గాలికి ఎగురుతోంది. చెయ్యి అప్పుడే కాగితం మీద ఆడుతోంది. తరళ పాదాలు చల్లబడ్డాయి. చూసుకుంటే దుమ్ము కింద మిగిలిన పెళ్ళినాటి పారాణి పోయి, బూడిదరంగు తిరిగి, రాతిలా బిగుసుకున్నాయి. వాడు ఈసారి కింది నుంచి గీస్తున్నాడు. చేతుల మీద బండ చాటుకు పాకగలిగితే వాడి కంటికి అందదు. బతికిపోతుంది. కాని కాగితం మీద ఎరుపు సగం కరిగింది. ఆమె కదలలేదు.

కలం పాళీ నీటి మీద ఉన్న గడ్డం కింద ఆన్చింది. రాయలేదు. ఆనాడు రాయనట్టే రాయలేదు. మోకాళ్ళు బిగుసుకున్నాయి. మళ్ళీ ఆన్చింది, లేదు. నడుం బిగుసుకుంది. విదిలించడానికి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది, విదిలిస్తే చుక్క ఎక్కడ పడుతుందో ఎవరికి తెలుసు. చిన్నప్పుడు నాయన చూడకుండా చేసే పనొకటి గుర్తొచ్చింది. పాళీని నాలుక మీద పెట్టుకుంది. చేదు. వగరు. నోరంతా నీలం. పాళీ పగులులో ఎండిన తొక్క కరిగి, చల్లగా ఒక బొట్టు ఊరింది.

భుజాలు బిగుసుకుంటున్నాయి. ఎడమచెయ్యి పోయింది. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. మణికట్టు ఒక్కటే ఆమెది. ఊపిరి బిగబట్టి, ప్రతి తెల్లవారీ బిగబట్టినట్టే బిగబట్టి, అతని గడ్డం కింద ఒక్క చుక్క పెట్టింది. పెట్టగానే వేళ్ళు రాయయ్యాయి.

మడుగులో అల లేచింది.

మొదట రెప్పలు కొట్టుకున్నాయి. కాగితం ఎక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో, మనిషెక్కడున్నాడో తెలియలేదు. నీళ్ళు కారుతున్న తలపాగాతో, సగం వెలిసిన ఉత్తరీయంతో, దగ్గుతూ మృగాంకుడు నడుంలోతు నీళ్ళలో లేచి నిలబడ్డాడు. చూడగానే అతనికి కనబడింది గట్టు మీద ఒక బూడిద విగ్రహం. చేతిలో కలం పట్టుకుని, తన గడ్డం కిందికి వంగి ఉంది. మెడ వరకూ రాయి. బుగ్గలు అప్పుడే వెలిసిపోతున్నాయి. కళ్ళు మాత్రం ఇంకా నల్లగా, తడిగా, అతన్నే చూస్తున్నాయి.

చిత్రకారుడన్నవాడు ఎవడైనా కళ్ళు చివరనే తెరిపిస్తాడు. మాంత్రికుడికీ ఆ ఆచారం తప్పలేదు. పెదవులు ముగించి, పాళీ తుడుచుకుని, కళ్ళ కోసం చెయ్యెత్తాడు ధూసరుడు.

మృగాంకుడు రాతివేళ్ళలోంచి కలం లాక్కున్నాడు. కాగితంలో ఉన్నన్నాళ్ళూ కదలలేకపోయాడు గాని, విన్నాడు. జడలవ్వ మాటలు విన్నాడు, బొమ్మ నిజమైతేనే కదా ఏదైనా జరిగేది. ఈ కలం గుణం కూడా అందరికంటె అతనికే బాగా తెలుసు. ఆనాడు దుకాణంలో ఆమె విదిలించినట్టే, అంత బలంగానూ విదిలించాడు.

ఒకే ఒక నీలిచుక్క గాల్లో ఎగిరి, తరళ గడ్డం కింద పడింది.

ధూసరుడి కాగితంలో ఆ చుక్క లేదు. ఉన్నదున్నట్టు గీసిన గీతలన్నీ ఆ క్షణంలో లేనిపోని గీతలయ్యాయి. చుక్క చుట్టూ చర్మం రంగు తిరిగింది. అక్కడినుంచి పైకి బుగ్గలకు, కిందికి మెడకు, భుజాలకు, చేతులకు, నీళ్ళు పోసిన మడిలో పచ్చదనం పాకినట్టు పాకింది. చివరికి పాదాలకు పారాణి కూడా తిరిగి వచ్చింది. అవతలి గట్టు మీద కాగితం అంచులు ముడుచుకుని, పొడిగా రాలిపోసాగింది. వాడు పళ్ళు కొరికి, మిగిలిన ముక్క అందినంతవరకు చించి పిడికిట బిగించాడు. దోసెడు బూడిద నెత్తిన చల్లుకున్నాడు. గిర్రున తిరిగే సుడిగాలై కొండ దిగి ఉత్తరదిక్కుగా పోయాడు.

మృగాంకుడు గట్టెక్కి ఆమె ముందు కూర్చున్నాడు. ఆమె గడ్డం కింది చుక్క వైపు చూసి, "నాది కడిగినా పోలేదు. నీది కడిగితే పోతుంది, భయపడకు," అన్నాడు. తన కనుబొమ తడుముకుని, "కనుబొమలు బాగా కుదిరాయన్నావు. అదీ విన్నాను," అన్నాడు.

తరళ నవ్వింది, ఏడ్చింది, నోరు తెరిచింది. శబ్దం రాలేదు. మళ్ళీ తెరిచింది. నీలిరంగు నాలుక కదిలింది, మాట లేదు. చెయ్యి గొంతు మీద పెట్టుకుంది. ఇద్దరికీ ఒకసారే అర్థమైంది. ధూసరుడి పిడికిట్లో చిక్కిన ముక్క, కంఠం గీసిన ముక్క.

రాకుమారుడి ముఖం పాలిపోయింది. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపి, అతని కుడిచెయ్యి లాక్కుని, అరచెయ్యి విప్పి, ఒళ్ళో పెట్టుకుంది. కలం తీసుకుంది. అది అలవాటు ప్రకారం ముందు ఒక మరక వేసింది. ఈసారి ఆమె సిగ్గుపడలేదు. మరక పక్కనే, నీలంగా, నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరమే రాసింది. ఇన్నాళ్ళ ఎడబాటు తరువాత ఏం రాస్తుందోనని అతను వంగి చదువుకున్నాడు.

ఆకలేస్తోందా?

మృగాంకుడు అంతవరకు ధైర్యంగానే ఉన్నాడు. అది చదివి ఆ అరచేతిని నుదుటికి ఆన్చుకోబోయాడు. ఆమె చటుక్కున మణికట్టు పట్టి ఆపింది. సిరా ఆరలేదు.

బండల వెనకనుంచి గండన్న వచ్చాడు. సగం మనిషయ్యాడు. ప్రభువును చూసి పొట్ట పట్టుకునే సాష్టాంగపడ్డాడు. లేచి కన్నీళ్ళు తుడుచుకుని కొంగుమూట విప్పాడు. పొద్దున బొమ్మ ముందు పెట్టిన అటుకుల ముద్ద అట్లాగే ఉంది.

"ఇయ్యాల్టి ప్రసాదం నేను తినలేదు ప్రభూ. తినే యోగం మీకే రాసుంది."

రాకుమారుడు తినడానికి కుడిచెయ్యి ఎత్తి, చూసుకుని, దించేశాడు. తరళ ముద్ద విరిచి అతని నోట పెట్టింది. ఒక్కటే ముద్ద తిన్నాడు. రెండోది ఆమె చేతిలోనే ఉండగా లేచి నిలబడ్డాడు. ఉత్తరాన, లోయ దాటి, బూడిదరంగు సుడి ఒకటి అడవి నెత్తిన తిరుగుతూ పోతోంది. అది దాటిన చోటల్లా చెట్ల పచ్చదనం చస్తోంది.

"ముందు నీ గొంతు," అన్నాడు మృగాంకుడు. "మిగిలిన ముద్ద ఆ తరువాత, నువ్వు నోటితో అడిగినప్పుడు."

ముగ్గురూ కొండవాలున పరుగు తీశారు. ముందు గండన్న, నడుమ తరళ, వెనక రాకుమారుడు. ముళ్ళకంపలు తగిలినా, కాలు జారినా, ఎడమచేత్తోనే కొమ్మలు పట్టుకున్నాడు గాని, కుడి అరచెయ్యి మాత్రం సిరా ఆరేదాకా గాలికి చాచి పట్టుకునే పరుగెత్తాడు.